పోయినవాళ్ల కథ రాసి పెట్టుకోవాలంటే పన్నెండో రోజు లోపే మొదలుపెట్టండి

మా మామ్మ పోయిన పన్నెండో రోజు. ఒడిశాలో, ఆంధ్రా సరిహద్దు పక్కనే ఉన్న పర్లాకిమిడిలో మా పెరట్లో పందిరి వేసి సపిండీకరణం (పోయినవాళ్లని వాళ్ల ముందు తరాల పెద్దల్లో కలిపే కర్మ) చేస్తున్నారు. పంతులుగారు మామ్మ అత్తగారి పేరు అడిగారు, నాన్న చెప్పాడు. ఆ అత్తగారి అత్తగారి పేరు అడిగారు. అంతే, ముప్పై మందిమి ఉన్నాం, ఒక్కరి నోరూ పెగల్లేదు. నాన్న చిన్నాన్న వైపు చూశాడు, చిన్నాన్న నా వైపు చూశాడు, నేనేమో పందిరి రాట వైపు. పంతులుగారికి ఇలాంటివి కొత్త కాదు, ఆయన పద్ధతిలో ఆయన కానిచ్చేశారు గానీ నాకు ఆ పూట అన్నం సయించలేదు. గోత్రం తెలియకపోతే కాశ్యప గోత్రం అని చెప్పేస్తారు, అది అందరికీ తెలిసిందే. మరి మన ఇంటికే కాపురానికొచ్చి, మన ఇంట్లోనే పిల్లల్ని కని పోయిన మనిషి పేరు మనకే తెలియకపోతే?

ఆ తరువాత ఏడాది పాటు తిరిగి, అడిగి, రాసి సంవత్సరీకం నాటికి నలభై పేజీల చిన్న పుస్తకం చేశాను. చాలా తప్పులు చేశాను. మళ్లీ చేయాల్సివస్తే ఎలా చేస్తానో అదే ఇక్కడ రాస్తున్నా. ఒడిశాలో గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల వైపు ఉన్న తెలుగువాళ్లకి ఈ పనిలో కొన్ని చిక్కులు వేరేగా ఉంటాయి, వాటి గురించే ఎక్కువ చెబుతాను.

ఎప్పుడు, ఎవరిని అడగాలి

కర్మ అయిపోయాక తీరిగ్గా చూద్దాం అనుకోకండి. నేను చేసిన మొదటి తప్పు అదే. ఆ పది పన్నెండు రోజులే మీ చుట్టాలంతా ఒక కప్పు కింద ఉండేది. గుణుపురం పిన్ని, పాతపట్నం పెద్దమ్మ, బరంపురం మామయ్య, ఎప్పుడూ ఫోన్ కూడా చేయని రాయగడ బావగారు, అందరూ అరుగు మీదే ఉంటారు, చేయడానికి పని ఉండదు, మాటలన్నీ పోయిన మనిషి చుట్టూనే తిరుగుతుంటాయి. మొదటి మూడు రోజులు ఎవర్నీ కదపొద్దు, అది ఏడుపుల టైము. నాలుగో రోజు నుంచి మధ్యాహ్నం భోజనాలయ్యాక, ముసలివాళ్లు చాపల మీద నడుం వాల్చి ఒకరినొకరు సరిదిద్దుకుంటూ మాట్లాడుకుంటారు చూడండి, ఆ గంటన్నర బంగారం. పన్నెండో రోజు సాయంత్రానికి ఆటోలు వచ్చేస్తాయి, ఇల్లు ఖాళీ. నేను తరువాత ఒక్కొక్కరి ఊరికీ బస్సెక్కి వెళ్లాల్సి వచ్చింది, వెళ్లేలోపు ఒకరు మంచాన పడ్డారు.

మగవాళ్లని కాదు, ముందు ఆడవాళ్లని అడగండి. మా నాన్నని అడిగితే భూమి సర్వే నంబర్లు చెప్పాడు, పిన్నిని అడిగితే మామ్మ ఏ కాన్పుకి ఎవరింట్లో ఉందో చెప్పింది. ఇంట్లో పనిచేసినావిడ, పక్కింటి ఒడియా వాళ్లు, పాలాయన, వీళ్లని కూడా వదలొద్దు. మామ్మకి చెవి సరిగ్గా వినపడదని మాకంటే ముందు కనిపెట్టింది పక్కింటి మాఉసి.

అడిగే తీరు కూడా ముఖ్యం. "మామ్మ ఎలాంటి మనిషి?" అని అడిగితే "దేవత బాబూ" అంటారు, అక్కడితో మాట అయిపోతుంది. "పొద్దున్న లేచి మొదట ఏం చేసేది?", "బియ్యం ఎలా కొలిచేది?", "ఎవరితో మాటలు మానేసింది?" అని అడగండి. బియ్యం ప్రశ్నకే మా పిన్ని లేచి కూర్చుంది. మామ్మ కుంచంతో కొలిచేటప్పుడు "ఒకటి" అనేది కాదట, మొదటి కొలతకి "లాభం" అని, తరువాత రెండు, మూడు అని లెక్కపెట్టేదట. అది చెబుతూ పిన్ని తన చేతిని గాల్లో అలా తిప్పి కుంచం అంచు మీద బియ్యాన్ని చదును చేసినట్టు చూపించింది. ఆ తిప్పడం మామ్మదే, అచ్చం.

ఫోన్లో రికార్డింగ్ పెట్టండి, కానీ చెప్పి పెట్టండి. దొంగతనంగా పెడితే ఎప్పటికైనా బయటపడుతుంది, ఆ తరువాత ఆ ఇంట్లో ఎవరూ మీ ముందు నోరు విప్పరు. ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, టేబుల్ ఫ్యాన్ ఆపి, గంట కంటే ఎక్కువ లాగకండి. ఫైలుకి వెంటనే తేదీ, ఎవరు మాట్లాడారో, ఏ ఊళ్లో అన్నది పేరుగా పెట్టండి. నా దగ్గర మొదటి నెల రికార్డింగులు ఫోన్ మార్చినప్పుడు పోయాయి, అందులో మా పెద్దమ్మ పాడిన జోలపాట ఉంది. మళ్లీ పాడమంటే "అప్పుడొచ్చింది, ఇప్పుడు రాదు" అంది. అదే రోజు రెండో చోట కాపీ పెట్టుకోండి, ఇంకేం చెప్పను.

పేర్లు: మూడు లిపుల గొడవ

మన వైపు ఒక మనిషికి మూడు పేర్లుంటాయి. ఇంట్లో పిలిచేది, ఒడియాలో భూమి కాగితం మీద ఉన్నది, ఇంగ్లీషులో ఆధార్ మీద ఉన్నది. మూడూ ఒకటే మనిషివని రాసిపెట్టకపోతే మీ మనవడికి ముగ్గురు ముత్తవ్వలు తేలతారు. అందుకే నోట్‌బుక్కులో మొదటి పేజీల్లో ఒక్కో మనిషికి ఒక్కో పేజీ కేటాయించి ఇంటిపేరు, గోత్రం, పిలుపు పేరు, కాగితాల మీద పేరు (ఏ కాగితం మీద ఎలా ఉంటే అలా, దిద్దకుండా), పుట్టిన ఊరు రాయండి. ఆడవాళ్లకైతే పుట్టింటి ఇంటిపేరు తప్పకుండా. దీన్నే అందరూ వదిలేస్తారు, తరువాత ఆ వైపు వెతకడానికి తాడు తెగిపోతుంది.

ఒడియా రికార్డుల్లో వెతికేటప్పుడు కొన్ని గుర్తుంచుకోవాలి. వాళ్ల దగ్గర వ, బ దాదాపు ఒకటైపోతాయి, కాబట్టి వెంకట అన్న పేరు బెంకట దగ్గర దొరుకుతుంది. యశోద జసోద అవుతుంది. ఎ, ఏ అని మనకున్న తేడా ఒడియా రాతలో లేదు, ఒ, ఓ కూడా అంతే. రమణ అని రాసి ఉన్నా వాళ్లు చదివితే రొమొణొ అని వినిపిస్తుంది, ఆఫీసులో ఎవరో పిలుస్తుంటే మనవాళ్ల పేరే అని మనకే తట్టదు. ఒడిశా భూలేఖ్ వెబ్‌సైట్లో జిల్లా, తహసీలు, గ్రామం ఎంచుకుని ఖాతా నంబరుతో గానీ ప్లాట్ నంబరుతో గానీ రైతు పేరుతో గానీ చూడొచ్చు. పేరుతో దొరక్కపోతే పక్కవాళ్ల ప్లాట్ నంబరు పట్టుకుని వెళ్లండి, అదే తేలిక. ఒడియా చదవడం రాకపోతే స్కూలుకెళ్లే పిల్లని పక్కన కూర్చోబెట్టుకోండి. మా అన్నయ్య కూతురు చదివిపెట్టింది, దానికి తెలుగు చదవడం రాదు, నాకు ఒడియా గబగబా రాదు, ఇద్దరం కలిస్తే ఒక మనిషి.

ఏ జిల్లాలో వెతకాలన్నది ఇంకో తిరకాసు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరు రాష్ట్రమయ్యేదాకా బరంపురం, పర్లాకిమిడి మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లా. జయపురం, రాయగడ, గుణుపురం విశాఖపట్నం జిల్లా కింద ఉండేవి. రాష్ట్రపతి వి.వి.గిరి 1894లో బరంపురంలో పుట్టారు, ఆయన జీవితచరిత్రల్లో పుట్టిన చోటు మద్రాసు ప్రెసిడెన్సీ అని ఉండేది అందుకే. పర్లాకిమిడి జమీందారీ రెండు ముక్కలై ఒక ముక్క మద్రాసు వైపే, అంటే ఇప్పటి ఆంధ్రాలో ఉండిపోయింది, మా పెద్దమ్మ ఉండే పాతపట్నం ఇంటికి ఇక్కడి నుంచి ఆటోలో వెళ్లొచ్చు గానీ రాష్ట్రం వేరు. మళ్లీ 1992 అక్టోబర్ 2న గజపతి, రాయగడ వేరే జిల్లాలయ్యాయి. అంటే మా తాతయ్య ఇల్లు కదలకుండానే మద్రాసు గంజాం, ఒరిస్సా గంజాం, గజపతి, మూడు చోట్ల బతికాడు. 1992 ముందు కాగితం అయితే గంజాం జిల్లా కేంద్రం ఛత్రపురం వైపు అడగాలి, 1936 ముందుదైతే చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉండే అవకాశం ఎక్కువ. అంత దూరం నేను వెళ్లలేదు లెండి.

ఏ సంవత్సరం అని అడక్కండి

ముసలివాళ్లకి సంవత్సరాలు గుర్తుండవు, సంఘటనలు గుర్తుంటాయి. మామ్మ పుట్టిన తేదీ ఆధార్‌లో జులై 1. మా వీధిలో సగం మంది ముసలివాళ్లు జులై 1నే పుట్టారు, బడిలో వేసిన రోజు హెడ్‌మాస్టర్ గారు రాసిందే తేదీ. కానీ "మా నాన్న రంగం నుంచి నడిచొచ్చిన ఏడు నాకు పన్నెండేళ్లు" అని ఆమె ఎప్పుడూ అనేది. రంగం అంటే రంగూన్. మన వైపు నుంచి గోపాలపూర్, కళింగపట్నం రేవుల్లో ఓడెక్కి కూలికి వెళ్లినవాళ్లు లెక్కలేనంతమంది, 1941 డిసెంబర్‌లో జపాన్ బాంబులు పడ్డాక 1942లో ఎంతోమంది అడవుల్లోంచి నడిచి తిరిగొచ్చారు. దాన్ని బట్టి మామ్మ 1930 ప్రాంతంలో పుట్టిందని తేలింది. ఇలాగే చిన్న రైలు ఆగిపోయిన ఏడు అంటే 2004, నౌపడ నుంచి గుణుపురం దాకా నడిచిన నేరోగేజి రైలు. గోపాలపూర్ దగ్గర ఫైలిన్ తుఫాను 2013 అక్టోబర్, తిత్లీ 2018 అక్టోబర్. ఇవి కాగితం మీద ముందే రాసుకుని, "తిత్లీకి ముందా, తరువాతా?" అని అడగండి, టక్కున చెబుతారు.

జాతకం ఉంటే దాని మీద తెలుగు సంవత్సరం పేరు ఉంటుంది. అవి అరవై ఏళ్లకోసారి తిరిగొస్తాయి కాబట్టి రెండు మూడు అంకెల్లో ఒకటి తేల్చుకోవడమే. ఉదాహరణకి విశ్వావసు అని ఉంటే 2025-26, లేదా 1965-66, లేదా 1905-06.

ట్రంకు పెట్టె, అటక, వంటిల్లు

శుభలేఖలు దొరికితే పండగే. రెండు వైపులా తాతముత్తాతల పేర్లు, ఊళ్లు అచ్చులో ఉంటాయి. దానికంటే గొప్పది చదివింపుల పుస్తకం. పెళ్లిలో ఎవరెవరు ఎంతెంత చదివించారో రాసే ఆ నలిగిన నోట్‌బుక్కులో ఎవరు ఏ ఊరి నుంచి వచ్చారో, ఎవరితో రాకపోకలున్నాయో మొత్తం ఉంటుంది. మా ఇంట్లో ఒకటి దొరికింది, అందులో ఒకాయన పేరు పక్కన ఏమీ రాయకుండా వదిలేసి ఉంది. అడిగితే ఆయన తిని వెళ్లిపోయాడు, ఏమీ పెట్టలేదు అని చెప్పారు. డెబ్బై ఏళ్లయినా ఆ ఖాళీ ఖాళీగానే ఉంది!

ఫొటోలు ఫ్రేములోంచి పీకకండి, పాతవి అద్దానికి అంటుకుపోయి ఉంటాయి, ముఖం ఊడి వచ్చేస్తుంది. అద్దం మీదనుంచే, ఫ్లాష్ లేకుండా, కిటికీ పక్కన నీడలో కొంచెం వారగా పెట్టి ఫోన్లో తీయండి. విడిగా ఉన్న ఫొటోల వెనక మెత్తటి పెన్సిల్‌తో ఎడమ నుంచి కుడికి ఎవరెవరో రాయండి, బాల్‌పెన్ను వద్దు, ముందు వైపుకి అచ్చు పడుతుంది. పెద్దది చేయించడానికి స్టూడియోకి ఇచ్చేటప్పుడు జాగ్రత్త. మేమిస్తే మామ్మని తెల్లగా చేసి, ముడతలు తీసేసి, ముక్కుపుడక మాయం చేసి ఇచ్చారు. దండ వేశాక చూస్తే ఎవరో సీరియల్ ఆవిడలా ఉంది. ఒరిజినల్ కాపీ విడిగా ఉంచుకోండి, ఏమీ మార్చొద్దని ముందే గట్టిగా చెప్పండి.

ఇక ఆ దొరకని పేరు. సంక్రాంతికి మా ఇళ్లలో పెద్దలకి బట్టలు పెడతాం కదా, ఆ ముందు రోజు పెద్ద వంట కోసం అటక మీదనుంచి ఇత్తడి గంగాళం దింపారు. ఏళ్ల తరబడి వాడనిది, నల్లగా ఉంది. మా అమ్మ చింతపండు పెట్టి తోముతుంటే అంచు కింద వేలికి గరుకుగా తగిలిందట. చుక్కలు చుక్కలుగా అక్షరాలు. వెలుతురులో పెట్టినా చదవడానికి రాలేదు. ముగ్గు కోసం పెట్టిన బియ్యప్పిండి కొంచెం తీసి ఆ చుక్కల మీద రుద్ది, పై పైన తుడిచేసరికి అక్షరాలు తెల్లగా లేచాయి. ముందు మా ఇంటిపేరు మొదటి అక్షరం, పక్కన మూడక్షరాల పేరు. తెలుగులో. నాన్న రెండుసార్లు చదివి, గంగాళం అంచు పట్టుకుని అలాగే కూర్చున్నాడు. మర్నాడు బట్టలు పెట్టేటప్పుడు ఆ పేరు కూడా చెప్పాడు.

కాబట్టి బిందెలు, చెంబులు, మరచెంబులు, అన్నీ తిప్పి చూడండి. పాత సామాన్ల వాడికి వేయబోయే ముందైనా చూడండి.

బయటి చోట్లు

అస్థికలు కలపడానికి శ్రీకూర్మం వెళ్లినా, గయకో కాశీకో వెళ్లినా, పూరీ వెళ్లినా అక్కడి పండాలని మీ ఊరి పేరు చెప్పి అడగండి. గయ, పూరీ పండాల బహీల్లో (వాళ్లు తరతరాలుగా రాసుకునే పుస్తకాల్లో) ముందు తరాలవాళ్లు వచ్చినప్పుడు రాయించిన పేర్లు ఉంటాయి. మీరు వెళ్లినప్పుడు మీ ఇంటి ఆడవాళ్ల పేర్లు కూడా రాయించండి, చాలామంది మగవాళ్లవే రాయించి వచ్చేస్తారు.

మరణ ధృవీకరణ పత్రం సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తా. మనిషి ఎక్కడ పోతే అక్కడే నమోదు. మనవాళ్లు చాలామంది విశాఖపట్నం, శ్రీకాకుళం ఆసుపత్రుల్లో పోతారు, శవాన్ని ఇంటికి తెచ్చుకున్నా నమోదు ఆ ఊళ్లోనే అవుతుంది. 21 రోజుల్లోపు ఫీజు ఉండదు, 30 రోజుల దాకా కొద్దిపాటి ఆలస్య రుసుము, ఆ తరువాత అనుమతులు, ఏడాది దాటితే మేజిస్ట్రేట్ ఆర్డర్ దాకా వెళుతుంది. ఫారం రాసేటప్పుడు పక్కన నిలబడి స్పెల్లింగ్ చూసుకోండి. మాకు ఒక ఆఫీసులో ఒక్క అక్షరం తప్పు పడితే దిద్దించడానికి ఐదు నెలలు టెన్షన్ పడ్డాం.

రాయడం

వంశవృక్షం గీయడం మొదలుపెడితే మేనరికాలు వచ్చి పడతాయి. మా ఇంట్లో ఒకాయన మామ్మకి తమ్ముడు, అల్లుడు కూడా. ఒకే మనిషి రెండు కొమ్మల మీద కూర్చుంటాడు. కంప్యూటర్లో గీయబోయి విసుగొచ్చి, పాత క్యాలెండర్ కాగితాల వెనక ఒక్కో మనిషికి ఒక్కో నంబరు ఇచ్చి గీశాను. రెండోసారి వస్తే అదే నంబరు, కొత్త గీత. ఇంతకంటే తేలిక దారి నాకు కనపడలేదు.

పురిట్లోనే పోయిన పిల్లల్ని లెక్కలోంచి తీసేయకండి. మామ్మకి ఐదుగురు పిల్లలని మేమంతా అనుకున్నాం, పెద్దమ్మ వేళ్లు మడిచి ఎనిమిది మంది అంది. ఆ ముగ్గురికీ ఒక్కో గీత రాశాం, ఒకరికి పేరు కూడా పెట్టలేదట. ఆస్తి తగాదాలు, రెండో పెళ్లిళ్లు లాంటివి వస్తే వేరే నోట్‌బుక్కులో రాసుకోండి, అందరికీ పంచే దాంట్లో వద్దు. అబద్ధం మాత్రం రాయొద్దు, రాయలేనిది వదిలేయండి చాలు.

"ఆమె ప్రేమమూర్తి, దానశీలి" అని రాస్తే అది ఎవరి మామ్మకైనా సరిపోతుంది. మొదట నేనూ అలాగే రాశాను. తరువాత కొట్టేసి ఇలా రాశాను: "ఎవరొచ్చినా ముందు కాళ్లకి నీళ్ల చెంబు ఇచ్చి, మంచం మీద కూర్చున్నాక ‘తిన్నావేటి?’ అనేది. తినలేదు అంటే తిట్టేది, తిన్నాను అంటే నమ్మేది కాదు. కూరగాయలమ్మితో బేరం ఒడియాలో, దేవుడితో బేరం తెలుగులో." చదివి పిన్ని నవ్వి, ఏడ్చింది. మామ్మ మాటని ఆమె అన్నట్టే రాయండి, "ఏటి"ని "ఏమిటి" చేయకండి. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు మాది, ఇక్కడ కూర్చుని మామ్మ నోట్లో గ్రాంథికం పెట్టడానికి నాకు చెయ్యి రాలేదు.

పిల్లల సంగతి ఆలోచించి అచ్చు వేయండి. మా ఇంట్లో పదిహేనేళ్ల లోపు వాళ్లెవరికీ తెలుగు చదవడం రాదు, మాట్లాడతారంతే. అందుకని ఎడమ పేజీలో తెలుగు, కుడి పేజీలో ఒడియా పెట్టాం, ఒడియా మా అన్నయ్య కూతురే రాసింది. పైగా పిన్ని మొత్తం పుస్తకాన్ని గట్టిగా చదివితే రికార్డు చేసి వాట్సాప్‌లో అందరికీ పంపాం. ఇరవై ఐదు కాపీలు జిరాక్స్ తీయించి స్పైరల్ బైండింగ్ చేయించాం, పెద్ద ఖర్చేం కాలేదు. పెన్‌డ్రైవ్‌లు పోతాయి, పాస్‌వర్డ్‌లు మర్చిపోతాం, బీరువాలో కాగితం మాత్రం ఉంటుంది, చెదలు పట్టకపోతే.

చివర్లో ఆరు పేజీలు ఖాళీగా వదిలాం. సంవత్సరీకం రోజు కాపీలు పంచిన వారానికే గుణుపురం పిన్ని ఫోన్ చేసి తొమ్మిదో పేజీ ఫొటోలో ఎడమ నుంచి మూడో మనిషి తన మేనత్త కాదని, మేనత్త తోడికోడలని, ఆ చీర మాత్రం మేనత్తదేనని అరగంట చెప్పింది. మొదటి ఖాళీ పేజీ దానికే సరిపోయింది.